ఇరవైనాలుగో పలక

జనవరి 12, సోమవారం

నేస్తం, బాగున్నావా? ఇన్నాళ్లు రాయలేదని అలగకు. దసరా ముందు ఫోన్లో నిన్ను తెరిచి రెండు ముక్కలు కొట్టి వదిలేశాను. ఆ తర్వాత అంతా పండగ గిరాకీ. పిడుగురాళ్లలో సున్నం, రంగుల కొట్టు పెట్టుకున్నదానికి పండగ ముందు అన్నం తినడానికే తీరిక ఉండదు, ఇక డైరీ ఎక్కడ? నీతో సుఖమేమిటంటే నువ్వు బేరమాడవు, తొందరపెట్టవు.

ఇవాళ్టి సంగతి చెప్పాలి. మా కొట్టు తూర్పు గోడ పచ్చబడింది. రంగు వేయలేదు. ప్రాణమున్న పచ్చదనం అది.

నరసరావుపేట కాలేజీలో పరిశోధన చేసే కావ్య అనే పిల్ల ఇరవైనాలుగు పలకలు తెచ్చి గోడకు బిగించింది. ఒక్కొక్కటి అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. లోపల వల, వలలో జెల్లీ, జెల్లీలో కంటికి కనపడని జీవులు.

"చెరువులో పాచి ఉంటుంది కదా ఆంటీ, దాని చుట్టాలే ఇవి. ఆకు చేసే పనే చేస్తాయి. ఎండ తింటాయి, గాలిలో బొగ్గుపులుసు వాయువు పీలుస్తాయి. కొంత ఒంట్లో పెట్టుకుంటాయి, కొంత రాయిగా మార్చేస్తాయి. రోజులు గడిచేకొద్దీ పలక గట్టిపడుతుంది, బరువెక్కుతుంది."

నాకు నవ్వొచ్చింది. మా నాన్న నలభై ఏళ్లు బట్టీలో రాయిని కాల్చి, అందులో ఉన్న గాలిని ఆకాశంలోకి తోలి సున్నం చేశాడు. ఈ పిల్ల ఆ గాలిని పట్టుకొచ్చి మళ్లీ రాయి చేస్తానంటోంది.

గోడ మీద ఓ నీలం డ్రమ్ము, దాని నుంచి సన్న పైపు, పలక పలకకీ చుక్క చుక్క నీళ్లు. డ్రమ్ము నింపడం నా పని. "నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు ఆంటీ" అంది. మూడు నెలలు బతికి బరువు పెరిగితే బట్టీల ప్రహరీలకు కూడా పెట్టిస్తారట. ఈ ఊళ్లో అమ్మేది నేనే అని అప్పుడే మాట తీసుకున్నాను. కొట్టుదాన్ని, ఊరికే ఉంటానా?

సాయంత్రం రోశమ్మ వచ్చి చూసింది. మా వార్డు ఊడ్చేది తనే. ఏడో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం. నడుం మీద చెయ్యి పెట్టుకుని గోడ అంతా పరకాయించి, "ఏందే మల్లీ, జనం పాచి గీకించడానికి మాకు డబ్బులిస్తారు. నువ్వు కావాలని పెంచుతున్నావా?" అంది.

"పాచి కాదే, సైన్సు."

"సైన్సయినా జారితే నడుం ఇరుగుద్ది."

జనవరి 18, ఆదివారం

గిరాకీ లేదు. అమావాస్య గదా, ఎవరూ రంగు పని మొదలుపెట్టరు. పొద్దున రోశమ్మ డ్రమ్ము మూత ఎత్తి చూసి కేకలేసింది. "దోమపిల్లలు ఈత కొడతన్నయ్ సూడు. మా మేస్త్రీ సూస్తే నీకు ఫైనేస్తాడు, నాకు తిట్లేస్తాడు." మూతకి గుడ్డ కట్టాను. నాన్న పద్ధతి ప్రకారం ఇంట్లో తొట్లోనూ కొట్టు డ్రమ్ములోనూ తలా ఒక సున్నపు గడ్డ పడేశాను. ప్రతి అమావాస్యకీ వేస్తాం. నీళ్లు అద్దంలా తేరుకుంటాయి, పురుగు పుట్టదు.

మధ్యాహ్నం పప్పుచారు, వడియాలు. నిద్ర.

ఫిబ్రవరి 2, సోమవారం

గెలిచాం! కావ్య వచ్చి పలకలు ఒక్కొక్కటే విప్పి మా కాటా మీదే తూచింది. యాభై గ్రాములు, అరవై, ఒకటైతే డెబ్బై. పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఇంత పెరుగుతుందని మా సారు కూడా అనుకోలేదు ఆంటీ!" పైన తెల్లటి పొర కూడా కట్టింది. అదే రాయి అట. ముట్టుకుంటే గరుగ్గా ఉంది.

ఒక్క ఇరవైనాలుగోది మాత్రం పన్నెండు గ్రాములే. మూలన, వాన గొట్టం వెనకాల ఉంటుంది.

రోశమ్మ చీపురు మీద ఆనుకుని చూస్తోంది. "అది నాలాంటిదిలే. ఎంత తిన్నా ఒళ్లు చెయ్యదు" అంది. తర్వాత నాతో, "దాని దాకా నీళ్లు పోతన్నయ్యా? ఎండిపోయినట్టుంటది ఎప్పుడు సూసినా. సూసుకోవే."

"చూస్తాలే" అన్నాను. అప్పుడే నాపరాళ్ల లారీ వాడు వచ్చాడు, ప్రైమరు కావాలంటూ.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. రోడ్డంతా కోటప్పకొండ వెళ్లే ట్రాక్టర్లు, ప్రభలు, మైకులు. కొట్టు మూసి ఇంట్లో ఉన్నాను. ఉపవాసం మూడింటికే ఆవిరైంది.

పలకలు కొంచెం పాలిపోయినట్టున్నాయి. ఎండ కదా. రోడ్డు దుమ్ము కూడా.

ఫిబ్రవరి 17, మంగళవారం

పచ్చ కాదు, పసుపు. కావ్యకు ఫొటో పంపలేదు. దుమ్ము కడిగి చూద్దాం ముందు. డ్రమ్ము నింపాను, అమావాస్య పని అయింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

చచ్చిపోయాయి. అన్నీ. గోడంతా తెల్లగా, ఉడికించిన కోడిగుడ్డు లోపలి పొరలా. గోరుతో గీకితే పొడి రాలుతోంది.

ఎవరో ఏదో చేశారు. నలభై రోజులు బతికినవి నాలుగు రోజుల్లో ఎలా పోతాయి?

ఎదురుగా మౌలాలీ మొబైల్ షాపు కెమెరా మా సందును చూపిస్తుంది. వెళ్లి కూర్చున్నాను. ఒక్కోరోజూ వెనక్కి తిప్పాడు. నిన్న తెల్లవారుజామున అయిదూ నలభైకి దొరికింది. మసక. రోశమ్మ మూల దగ్గర నిలబడి ఉంది. చంకలో బ్లీచింగ్ సంచి. అటూ ఇటూ చూసింది. చెయ్యి ముందుకు చాచింది. ఏదో తెల్లగా తళుక్కుమంది. చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగుసార్లు చూశాను.

మౌలాలీ, "అక్కా, ఒకసారి రోశమ్మక్కని అడగరాదా? ఆ చీకట్లో ఏం తెలుస్తదని" అన్నాడు. వాడికేం తెలుసు. కావ్యకు నేను ఏం చెప్పాలి?

వీడియోను నా ఫోన్లోకి తీసుకున్నాను. రోశమ్మ వాళ్ల కాంట్రాక్టు మేస్త్రీ వీరాంజనేయులికి పంపాను.

ఫిబ్రవరి 21, శనివారం

మేస్త్రీ పొద్దున ఆరింటికే బండేసుకుని వచ్చాడు. రోశమ్మ అప్పుడే కాలవ పక్కన బ్లీచింగ్ చల్లుతోంది. సందులో నలుగురూ చేరారు.

"ఏం పోశావే నా గోడ మీద?" అన్నాను.

"నీళ్లు."

"నీళ్లా? బ్లీచింగ్ సంచి చంకలో పెట్టుకొనా?"

"సంచి యాడ పెట్టుకోమంటావ్, నెత్తిన పెట్టుకోనా?"

ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "పాచి గోడ, పాచి గోడ అని మొదటిరోజు నుంచి ఏడుస్తూనే ఉన్నావుగా. కెమెరాలో పడ్డావు. చూస్తావా?"

ఫోన్ ముఖం మీద పెట్టాను. చూడలేదు. నన్నే చూసింది. "మల్లీ. నీళ్లంటన్నా గదే."

"పనికొచ్చినదానివి నా గోడకి నీళ్లు పోయాల్సిన పనేంది నీకు?"

ఆ మాటకి రోశమ్మ సంచి కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మేస్త్రీ, "కంప్లయింట్ వచ్చినాక నేనేం చేసేది రోశమ్మా? రేపట్నించి రామాకు. కాయితం పైకి పంపుతా" అన్నాడు.

బ్లీచింగ్ సంచి సాయంత్రం దాకా నా కొట్టు ముందే ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

చేసిన దానికి అనుభవించాలి. నేనేం కావాలని చేయలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

వార్డుకి కొత్తమ్మాయిని వేశారు. సందు మూల ఊడ్చదు. కావ్యకు ఫోన్ చేసి చెప్పాను. "బ్లీచింగా? ఎవరన్నా కావాలని ఎందుకు చేస్తారు ఆంటీ?" అంది.

చేసేవాళ్లు చేస్తారమ్మా అన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

కావ్య వచ్చింది. చచ్చిన పలకలు ఒక్కొక్కటే విప్పి అట్టపెట్టెలో పెడుతోంది. వాన గొట్టం పక్కకు జరిపి, "ఆంటీ!" అని అరిచింది.

ఇరవైనాలుగోది పచ్చగా ఉంది. అంచు కాస్త ఎండింది, మధ్యలో తడి ఆకులా. మొదటిరోజు కంటే పచ్చగా.

మొన్న నేను "అన్నీ" అని రాశాను. ఆ మూలకు చూడలేదు.

కావ్య పైపు పట్టుకుని చివరిదాకా వెళ్లింది. ఇరవైమూడు దాటాక పైపు మడతపడి ఉంది. "దీనికి అసలు నీళ్లే అందలేదు ఆంటీ. మొదట్నించీ. నెలన్నర నీళ్లు లేకుండా ఇది ఎట్లా బతికింది? ఎవరన్నా పోశారా?"

నేను అట్టపెట్టె దగ్గరికి లాగాను. మిగతా పైపు చుక్కలు పడేచోటల్లా తెల్లటి గట్టు కట్టి ఉంది. "ఏంటాంటీ ఇది?" అంటే, "మా పల్నాడు బోరు నీళ్లంతేనమ్మా, గీజర్లు కూడా ఇలాగే అవుతాయి" అన్నాను.

నిజమే కదా అది. గీజర్లు అలాగే అవుతాయి.

మౌలాలీ షాపుకి మళ్లీ వెళ్లాను. వేరే తారీఖులు చూపించమన్నాను. ఫిబ్రవరి పది, అయిదూ ముప్పైయెనిమిది: రోశమ్మ చంకలో సంచి సర్దుకుంది, నడుముకి కట్టుకున్న సీసా తీసింది, తాగింది, మిగతాది మూలకు వంపింది. పన్నెండు, అదే. పద్నాలుగు, అదే. తెల్లగా తళుక్కుమన్నది సీసా. నాలుగుసార్లు చూసినప్పుడు ఆ సీసా నాకు ఎందుకు కనపడలేదు?

మౌలాలీ టీ తెప్పించాడు. తాగలేకపోయాను.

కానీ ఒకటి. రోశమ్మ నీళ్లు పోసింది సరే. మిగతా ఇరవైమూడు ఎలా పోయాయి?

ఫిబ్రవరి 28, శనివారం

డ్రమ్ములో చెయ్యి పెట్టాను. ఇవాళ ఇంకేమీ రాయను.

మార్చి 2, సోమవారం

సబ్బు రాసినట్టు వేళ్లు ఒకదాని మీద ఒకటి జారాయి. ఆ జారుడు నాకు తెలుసు. అయిదేళ్లప్పుడు నాన్న సున్నపు తొట్లో చెయ్యి పెట్టి చెంపదెబ్బ తిన్నాను. ఈ ఊళ్లో ఆ జారుడు తెలియని చెయ్యి ఉండదు.

"నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు" అన్నప్పుడు మందులు అనుకున్నాను. ఎరువులు అనుకున్నాను. సున్నం మందా? మా ఇంట్లో ఉప్పులాంటిది. ఉప్పు వేశావా అని అడిగితే తప్ప వేసినట్టు గుర్తురాదు.

నిన్ను పైకి జరిపి చూశాను. జనవరి పద్దెనిమిది. వడియాల పక్కనే ఉంది, నా వేలే కొట్టింది. ఫిబ్రవరి పదిహేడున "అమావాస్య పని అయింది" అని ఉంది.

ఆ రెండు వాక్యాలూ చెరిపేశాను. నువ్వొక్కదానివే చదివేది, అయినా చెరిపాను. అరగంటకి మళ్లీ కొట్టాను.

మార్చి 3, మంగళవారం

గిరాకీ బాగుంది.

మార్చి 4, బుధవారం

రోశమ్మ మిరపకాయలు కోయడానికి పోతోంది. ఆటోలో పదకొండుమంది, చివర కాలు బయట పెట్టి కూర్చుంది. కొట్టు ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఆటో నెమ్మదించింది. నేను తూకం రాయి సర్దుతున్నట్టు వంగాను.

మార్చి 6, శుక్రవారం

కావ్య మళ్లీ వచ్చి డ్రమ్ములో కాగితం ముక్క ముంచింది. చూస్తుండగానే ముదురు రంగుకి తిరిగింది. డబ్బా మీద ఉన్న రంగుల వరసలో చివరిదాని పక్కన పెట్టి చూసింది.

"సున్నం వేశారా ఆంటీ?"

తల ఊపాను.

కోప్పడుతుందనుకున్నాను. పలకల పెట్టె మీద కూర్చుండిపోయింది. "అయితే ఆ బరువు... అది అవి పెంచింది కాదు. మీ సున్నపు నీళ్లే గాలిలో వాయువు పట్టుకుని పైన పొర కట్టాయి. నేను మా సారుకి గొప్పగా పంపాను కదా ఆంటీ ఆ లెక్కలు."

"నా పేరు రాయి. మొత్తం నేనే చేశానని రాయి."

"నీటి లోపం అని రాస్తాలెండి. మీ పేరెందుకు. అందరూ మర్చిపోతారు."

ఎంత హాయిగా ఉందో ఆ మాట. నీటి లోపం. ఎవరి తప్పూ కాదు. సాయంత్రం దాకా ఆ రెండు మాటల మీదే బతికాను.

మూసే వేళకి మౌలాలీ వచ్చాడు. చార్జర్ కొనడానికన్నట్టు నిలబడ్డాడు. నా దగ్గర చార్జర్లుండవు. "అక్కా, పదో తారీఖున ఊడ్చేవాళ్ల కొత్త జాబితా ఏస్తన్నారంట. అందులో పేరు లేకపోతే ఇంక ఏడాదిదాకా తీసుకోరంట. మేస్త్రీ చెప్పాడు." అంతే. వెళ్లిపోయాడు.

మార్చి 7, శనివారం

మేస్త్రీకి ఫోన్ చేసి కంప్లయింట్ వాపసు తీసుకుంటున్నానంటే చాలదా? కారణం చెప్పాలా?

చేశాను. "అట్లా ఊరికే తీసుకుంటే ఎట్లమ్మా? వీడియో పంపింది నువ్వు. పైనోళ్లు సూశారు. నలుగురిలో జరిగింది. నలుగురిలో సెప్పు" అన్నాడు. వాడి మాట న్యాయంగా ఉండటం నాకు నచ్చలేదు.

మార్చి 8, ఆదివారం

ఒకటి రాసుకోవాలి, రాయకుండా పక్కకు జరుగుతున్నాను. మూల దగ్గర నిలబడింది రోశమ్మ కాకుండా మౌలాలీ భార్య నజీమా అయి ఉంటే, వీడియో ముందు వాళ్ల ఇంటికి తీసుకెళ్లి అడిగేదాన్ని. కుర్చీ వేసేవాళ్లు, కూర్చుని అడిగేదాన్ని. రోశమ్మ అయ్యేసరికి మేస్త్రీకి పంపాను.

ఒకే బల్ల మీద కూర్చున్నామని అందరికీ చెప్పుకుంటాను.

మార్చి 9, సోమవారం

పొద్దున అయిదున్నరకి ఊడ్చేవాళ్లు హాజరు వేసుకునే చోటికి వెళ్లాను. వాటర్ ట్యాంకు కింద. ఇరవై, పాతికమంది ఉన్నారు, చీపుర్లు, తోపుడుబళ్లు. రోశమ్మ కూడా ఉంది. నేను వెళ్తున్నానని నిన్న చెబితే మౌలాలీ పిలిపించాడట. చివర గోడ పక్కన, మిరపకాయల ఘాటుకి ఉబ్బిన చేతులు కొంగు కింద పెట్టుకుని.

సంచిలో మూడు వస్తువులు తీసుకెళ్లాను. డ్రమ్ము నీళ్లు ఒక సీసాలో, సున్నపు గడ్డ ఒకటి, ఇరవైనాలుగో పలక. మేస్త్రీ ముందు పెట్టాను. సీసా మూత తీశాను.

"ఈ నీళ్లలో చెయ్యి పెట్టండి" అన్నాను. మేస్త్రీ వేలు ముంచాడు. రెండు వేళ్లు రుద్దుకున్నాడు. వాడూ బట్టీల ఊరివాడే. "సున్నం" అన్నాడు.

"వేసింది నేనే. రెండు అమావాస్యలకి వేశాను. ఇరవైమూడు పలకల్ని చంపింది నేను. ఇదొక్కటి బతికింది రోశమ్మ తను తాగే నీళ్లు పోసింది కాబట్టి. మీ అందరి ముందు దొంగలా నిలబెట్టాను. బ్లీచింగ్ కాదు. తను చెప్పింది నిజం."

తోపుడుబండి మీద కూర్చున్న ముసలి ఆదెయ్య, "సున్నమమ్ముకునేదానివి, నీకే తెలీకపోతే ఎట్లమ్మాయ్" అన్నాడు. నవ్వారు. నవ్వనీ. నేను ఆ నవ్వు కోసమే వచ్చినట్టు నిలబడ్డాను.

రోశమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చింది. నన్ను దాటి పలక చేతిలోకి తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది. "సంచిలో పెట్టి తెచ్చావా? గాలాడొద్దూ?" అంది. దాన్ని గోడకి ఎండ వచ్చే వైపు ఆనించింది.

"రోశీ..."

"నీళ్లని సెప్పా గదే మల్లీ."

అంతే అంది. నేను తయారుచేసుకుని వెళ్లిన మాటలు ఆరేడున్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

మార్చి 10, మంగళవారం

జాబితా వేశారు. రోశమ్మ పేరుంది. మా వార్డు కాదు, స్టేషన్ వైపు. తనే అడిగి మార్పించుకుందట.

మార్చి 13, శుక్రవారం

కావ్య నిజమే రాసింది, నా పేరుతో సహా. నేనే పట్టుబట్టాను. వాళ్ల సారు తిట్టలేదట. "ఆ ఊళ్లో ప్రతి డ్రమ్ములోనూ సున్నం వేస్తారని మనకి తెలియాలి కదా, మనమే అడగలేదు" అన్నాడట. వర్షాకాలం అయ్యాక మళ్లీ పెడతారు. ఈసారి డ్రమ్ముకి తాళం.

ఇరవైనాలుగోదాన్ని నాకే వదిలేసింది. వాన గొట్టం పక్కన పాత చోటే బిగించాను. రోజూ ఉదయం చెంబుతో ఉత్త నీళ్లు పోస్తున్నాను. నా చెంబు నీళ్లకి అంత పచ్చగా లేదనిపిస్తుంది. ఊహే అయ్యుంటుంది.

మార్చి 18, బుధవారం

అమావాస్య. పొద్దున సున్నపు గడ్డ చేతిలోకి తీసుకున్నాను, అలవాటు. చూసి మళ్లీ బస్తాలో వేశాను. డ్రమ్ముకి దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టాను.

తర్వాత కొట్టు తీయడానికి వెళ్లాను. ఏడు కూడా కాలేదు. చెంబు పట్టుకుని మూలకు పోతే పలక అప్పటికే తడిగా ఉంది. కింద మట్టిలో గుండ్రంగా తడి మచ్చ. మిగతా గోడంతా పొడి. రాత్రి చినుకు కూడా పడలేదు.

స్టేషన్ వైపు నుంచి మా సందుకి పావుగంట నడక. పనికి పోయే దారి కూడా కాదు.

మౌలాలీ షట్టరు ఎత్తుతూ నన్ను చూశాడు. మట్టిని చూశాడు. "కెమెరా తిప్పనా అక్కా?" అన్నాడు.

వద్దన్నాను. ఈసారి కెమెరాని అడగను. చెంబు అక్కడే పెట్టి, ఫోన్ తీసి, నీలో రాయకముందే రోశమ్మకే వాట్సాప్‌లో రాసి పంపాను. తను చదివినట్టు నీలం గీతలు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా సరే, పంపింది ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను:

రోశీ, పలక తడిగా ఉంది. నువ్వేనా? నువ్వు ఏం చెబితే అదే. ఎప్పుడు కలుద్దాం?